తలుపు తీసేసిన మేస్త్రీ

మేస్త్రీ గారు పోయారట. నిన్న ఏలూరులో కాఫీ హోటల్లో కూర్చుంటే పక్క బల్ల దగ్గరున్న లారీ డ్రైవరు మాటల్లో మాటగా చెప్పాడు. పోయినవాళ్ళ గురించి మంచే మాట్లాడటం మన పద్ధతి. కాని ఈయన గురించి అలా మాట్లాడితే ఈయనే ఊరుకోరు. ఉన్నది ఉన్నట్టు చెప్పు, లేకపోతే నోరు మూసుకో అనేవారు. అందుకని ఉన్నది ఉన్నట్టే చెబుతాను. ఆయనది నోటి దురుసు. ఎదటివాడి మాట చివరిదాకా వినే ఓపిక లేదు. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా ఇంజను గురించి తెలిసినవాడు తానొక్కడే అని ఆయన నమ్మకం. ఆ నమ్మకం నాకు తెలిసి ఒక్కసారి తప్పింది. ఆ ఒక్కసారీ దాని కింద పడి నలిగినవాణ్ణి నేను.

అది పంతొమ్మిది వందల ముప్ఫైల నాటి మాట. నేను తాడేపల్లిగూడెం షావుకారు గారి రెండు బస్సుల్లో ఒకటి నడిపేవాణ్ణి. షావుకారు గారిది బియ్యం వ్యాపారం, బస్సులు ఆయనకో ముచ్చట. మాది దెందులూరు పక్కన పేట. నాన్న మిషను బడిలో పంతులు. నన్ను కూడా పంతుల్ని చెయ్యాలని ఆయన ఆశపడితే నేను వెళ్ళి స్టీరింగు పట్టుకున్నాను. తెల్లారకుండా గూడెంలో బయలుదేరి, భీమడోలులో కొల్లేటి చేపల బుట్టలు టాపు మీదికి ఎక్కించుకుని, దెందులూరు మీదుగా ఏలూరు చేరడం, సాయంత్రం తిరిగి రావడం నా ఉద్యోగం. నాన్న ఆశ తీర్చలేదన్న బాధ ఒక మూల ఉన్నా, ఆ రోడ్డు మీద నా అంత దర్జాగా బతికినవాడు లేడని ఇప్పటికీ అంటాను.

మేస్త్రీ గారి షెడ్డు ఏలూరు కాలువ గట్టు మీద. బండి వచ్చి ఆగగానే ఆయన యజమానితో మాట్లాడేవారు కాదు. ముందు బానెట్టు ఎత్తి, ఇంజను తల మీద అరచెయ్యి ఆనించేవారు. చురుక్కుమని చెయ్యి వెనక్కి లాక్కోవాలి. అలా లాక్కుంటే ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్టు. ఆ తరువాతే "ఏవండీ, ఏంటి కథ?" అని పలకరింపు. ఆ కథలో ఎవరైనా 'ఏమో' అన్నారా, అయిపోయారే. "నా షెడ్డులో ఏమో అనకండి. బయటికెళ్ళి, తెలుసుకుని, అప్పుడు రండి" అని ప్లీడర్లను సైతం గట్టు మీదికి పంపించేసేవారు. వాళ్ళు నిజంగానే వెళ్ళి కాసేపు గట్టు మీద నిలబడి వచ్చేవారు.

ఇంకో అలవాటు ఉండేది. ఎవరైనా పెళ్ళి శుభలేఖ ఇస్తే ఎవరి పెళ్ళో చూసుకునేవారు కాదు. ముందు అట్టని రెండు వేళ్ళ మధ్య పెట్టి మందం చూసేవారు. ఇంజను మూతల కింద నీళ్ళు కారకుండా పెట్టే అట్ట ఆయన చేత్తోనే కోసుకునేవారు మరి. కత్తెర వాడరు. అట్టని ఇనప అంచు మీద పరిచి, చిన్న సుత్తితో చుట్టూ టకటకా కొట్టుకుంటూ పోతే అంచు వెంబడి అట్ట దానంతట అదే తెగి ఊడొచ్చేది. దానికి నూనె పట్టించి, మూత పెట్టి, రెండు బోల్టులూ ఇటు కొంచెం అటు కొంచెం బిగించేవారు. తొందరపడి ఒక పక్కే బిగించేవాళ్ళని చూస్తే ఆయనకి ఒళ్ళు మంట. ఒక్క చెవి పట్టుకుని మెలేస్తే నువ్వూరుకుంటావా, అది మాత్రం ఎందుకూరుకుంటుంది, పగులుద్ది అనేవారు. చాలా బళ్ళకి ఆ మూత చెవులు పగిలే ఉండేవి. అవన్నీ వేరే షెడ్ల పని అని ఆయన చెప్పేవారు, అది నిజమే కూడా.

ఆ మూత సంగతే ఈ కథంతా. ఇంజను తల మీద, రేడియేటరుకి పోయే రబ్బరు గొట్టం తగిలే చోట, పిడికిలంత ఇనప మూత ఉంటుంది. దాన్ని హౌసింగు అంటారు. దాని లోపల థర్మోస్టాటు. పేరు పెద్దది గాని అదొక తలుపు, అంతే. మేస్త్రీ గారు కూడా తలుపు అనే అనేవారు. ఇంజను చల్లగా ఉన్నంతసేపూ అది మూసుకుని ఉంటుంది, నీళ్ళు ఇంజనులోనే ఉండి గబగబా కాగుతాయి. కాగిన తరువాత లోపలి ఇత్తడి గుల్ల సాగి తలుపు తెరుచుకుంటుంది, నీళ్ళు రేడియేటరులోకి వెళ్ళి చల్లారి వస్తాయి. ఇంజనుకి ఎక్కువ వేడీ పనికిరాదు, తక్కువ వేడీ పనికిరాదు. ఇంత తెలిస్తే చాలు.

ఒక రోహిణి కార్తెలో మా బస్సు దెందులూరు దాటేలోపే బుసలు కొట్టడం మొదలుపెట్టింది. ఆగిన చోటల్లా కాలవ నీళ్ళు తెచ్చి పోస్తున్నాను, పోసిన కాసేపటికే మరిగిపోతున్నాయి. చివరికి మేస్త్రీ గారి దగ్గర పెట్టాను. ఆయన రేడియేటరు ఊడదీసి తిరగేస్తే కాలవ ఒండ్రూ నాచూ ముద్దలు ముద్దలుగా పడింది. చాకలి సోడా నీళ్ళతో దాన్ని కడిగారు. అప్పుడే మూత కూడా విప్పి, లోపలున్న తలుపు బయటికి తీసి, ఎండకి పట్టి చూసి, ఇది మంచు కురిసే దేశాలవాళ్ళు వాళ్ళ చలికి పెట్టుకున్నదనీ, మనకెందుకనీ పక్కన పడేశారు. తలుపు లేకుండానే మూత బిగించేశారు. ఆ ఎండాకాలం మళ్ళీ మా బస్సు మరగలేదు. నడి రోడ్డు మీద అందరి బళ్ళూ పొగలు కక్కుతుంటే మా బస్సు చల్లగా పోయింది.

ఇక చూడాలి ఆయన్ని. ప్రతి బండీ ఆయన దగ్గరికే. ప్లీడర్ల కార్లు, డాక్టరు గారి కారు, మండవల్లి వైపు జమీందారు గారి కారు, గూడెం బస్సులు. అన్నిటికీ తలుపులు ఊడిపోయాయి. తీసినవన్నీ తీగకి గుచ్చి షెడ్డు ముందు తోరణం కట్టారు. కొత్తగా వచ్చినవాళ్ళు ఇదేంటని అడిగితే, తెల్లవాళ్ళ చలి అండి, విప్పి ఇక్కడ కట్టేశాను అని చెప్పేవారు. నేను కూడా ఆ మాట మా ప్రయాణికులకి చెప్పి మురిసిపోయేవాణ్ణి. ఆయన గొప్ప నా గొప్పే అనుకునేవాణ్ణి.

కార్తీకం వచ్చింది. కొల్లేటి మీంచి మంచు లేచి పొద్దున్న పూట భీమడోలు దగ్గర రోడ్డు కనపడేది కాదు. ఆ రోజుల్లోనే పెట్రోలు చాలకపోవడం మొదలైంది. ఎప్పుడూ పోసినంతే పోస్తున్నాం, ఎప్పుడూ తిరిగినంతే తిరుగుతున్నాం, తీరా సాయంత్రం గూడెం చేరకుండానే టాంకీ ఎండిపోతోంది. మార్గశిరం వచ్చేసరికి పొగ కూడా పట్టుకుంది. డ్రైవర్లు పెట్రోలు తీసి అమ్ముకోవడం అప్పట్లో లేని సంగతేం కాదు. షావుకారు గారు మొదట నన్ను అడిగారు, తరువాత అడగడం మానేసి చూడటం మొదలుపెట్టారు. చివరికి ఒకరోజు కొట్టులో అందరి ముందూ, సంక్రమణం లోపల పోయిన పెట్రోలు సంగతి చెప్పకపోతే పోలీసులకి అప్పగిస్తానన్నారు. నాతోపాటు ఆయనకి ఇంకో బస్సు నడిపే అతను ఉన్నాడు. అతని పెట్రోలు కూడా చాలడం లేదు. అతన్ని మాత్రం కార్బురేటరు చూపించుకో అన్నారు. అతను ఆయన బంధువు, నేను పేట నుంచి వచ్చినవాణ్ణి. అది ఎవరూ నోరు తెరిచి అనలేదు, అననక్కర్లేదు.

ఈ సంగతి నాకంటే ముందు దెందులూరు చేరింది. ఆ రాత్రి రైల్లో ఇంటికి చేరి అన్నం తింటుంటే నాన్న తలెత్తకుండా ఒక్క మాట అడిగారు. "తీశావా?" లేదన్నాను. సరే అన్నారు. అంతటితో అయిపోయింది గాని, మర్నాటి నుంచి ఆయన బడికి రోడ్డు మీంచి కాక చేల గట్టు మీంచి వెళ్ళడం మొదలుపెట్టారు. జైలు అంటే నాకు భయం లేకపోలేదు. లైసెన్సు పోతే ఇంకెవరూ బండి ఇవ్వరనీ తెలుసు. కాని నన్ను నిద్రపోనివ్వంది మాత్రం నాన్న అడిగిన ఆ ఒక్క మాట.

మేస్త్రీ గారి దగ్గరికి పరుగెత్తాను. ఇంజనులో ఏదో ఉంది, చూడండి, మా నాన్న కూడా తీశావా అని అడిగారు, నా బతుకు పోతోందని కాళ్ళావేళ్ళా పడ్డంత పని చేశాను. ఆయన చూడలేదు. అది తాను చేతులు పెట్టిన బండి అనీ, అందులో తప్పుండదనీ, పెట్రోలు పోతోందంటే మనుషుల దగ్గర పోతుంది గాని ఇంజను దగ్గర కాదనీ అన్నారు. ఆయన నన్ను దొంగ అనలేదు. ఆ మాట దానికి దగ్గరలోనే ఆగింది. ఆ రోజు ఆయన మీద నాకు వచ్చినంత కోపం షావుకారు గారి మీద కూడా రాలేదు.

మరి ఆయనకి ఏం తోచిందో, మూడో రోజు తెల్లారగట్ల గూడెంలో నా బస్సు పక్కన ప్రత్యక్షమయ్యారు. ముందు రోజు సాయంత్రం రైల్లో వచ్చి స్టేషనులో పడుకున్నారట. ఎక్కి నా పక్క సీట్లో కూర్చున్నారు. పెట్రోలు ఆదా కోసం ఆగిన ప్రతి ఊళ్ళోనూ ఇంజను ఆపెయ్యమని షావుకారు గారి ఆర్డరు. ఆపినప్పుడల్లా మళ్ళీ హాండిలు తిప్పి స్టార్టు చెయ్యాలి. దారి పొడవునా ఆయన ఆ ఆపడం, తిప్పడం చూస్తూనే కూర్చున్నారు.

ఏలూరు చేరాం. జనం దిగారు, బుట్టలు దించారు. ఆయన బానెట్టు ఎత్తి, ఆ మూత మీద అరచెయ్యి ఆనించారు. వెనక్కి లాక్కోలేదు. చెయ్యి అక్కడే ఉంచి నిలబడ్డారు. అంత దూరం పరుగెత్తి వచ్చిన ఇంజను మీద మనిషి చెయ్యి అలా ఆనించి ఉంచగలిగాడంటే అది దారంతా కాగనే లేదన్నమాట. తరువాత నూనె కొలిచే పుల్ల బయటికి లాగి వాసన చూశారు. నాకూ చూపించారు. నూనె పెట్రోలు కంపు కొడుతోంది.

"ఎప్పటి నించి ఇలా ఉందంటావు?" అని అడిగారు. నేను కంగారులో "ఏమోనండి" అనేశాను. తిడతారని చూశాను. ఆయన తిట్టలేదు.

ఆయనే చెప్పారు, చాలా నెమ్మదిగా. ఎండాకాలంలో తాను ఒకే రోజు రెండు పనులు చేశాడు. రేడియేటరు కడిగాడు, తలుపు తీశాడు. బండి బాగుపడింది మొదటి దానివల్ల. పేరు మాత్రం రెండోదానికి పెట్టాడు. ఏది మందో ఏది నీళ్ళో చూసుకోలేదు. ఇప్పుడు ఈ మంచులో, తలుపు లేక, నీళ్ళు కాగకుండానే రేడియేటరుకి పరుగెడుతున్నాయి. చల్లటి ఇంజనులో పెట్రోలు సరిగా మండక సగం పొగై పోతోంది, మిగతాది నూనెలోకి దిగి పిస్టన్ల చుట్టూ ఉండే రింగుల్ని తినేస్తోంది.

ఈ మాట ఆ రోజు ఆయనకి తప్ప లోకంలో ఎవరికీ తెలియదు. కార్బురేటరు పాడైందని చెప్పి, గుట్టుగా తలుపు పెట్టేసి ఉంటే ఆయన గొప్ప ఆయనకే ఉండేది. నేనైతే అలాగే చేసేవాణ్ణేమో. ఆయన అదే సాయంత్రం నా బస్సులోనే గూడెం వచ్చి, తిన్నగా షావుకారు గారి కొట్టులోకి నడిచారు. తలుపు తీసెయ్యమని నలుగురికీ చెప్పేటప్పుడు ఎంత గొంతుతో చెప్పేవారో, అంత గొంతుతోనే అన్నారు:

"దొంగని పట్టుకొచ్చానండి షావుకారు గారూ. నేనే."

కొట్టులో బియ్యం కొలిచేవాళ్ళు కూడా ఆగిపోయారు. ఆయన జరిగినదంతా దాచకుండా చెప్పారు. షావుకారు గారు తెలివైనవారు, అంత తేలిగ్గా నమ్మలేదు. కుర్రాణ్ణి కాపాడటానికి చెబుతున్నారు గదా అన్నారు.

"ఈ మాట బయటికి పోతే రేపు నా షెడ్డుకి బండి రాదండి. ఈ అబ్బాయి నాకు చుట్టమా పక్కమా, వీడి కోసం నా నోటి దగ్గర కూడు నేనెందుకు తన్నుకుంటానండి?" అన్నారు మేస్త్రీ గారు.

అక్కడితో ఆగలేదు. ఇంట్లోంచి కుంపటీ గిన్నెడు నీళ్ళూ తెప్పించారు. జేబులోంచి ఒక తలుపు తీసి, దారం కట్టి నీళ్ళలో వేలాడదీశారు. నీళ్ళు కాగేదాకా షావుకారు గారూ, గుమాస్తాలూ, బియ్యం కొనడానికి వచ్చినవాళ్ళూ గిన్నె చుట్టూ మూగి కూర్చున్నారు. నీళ్ళకి పొగలు రావడం మొదలైన కొద్దిసేపటికి ఇత్తడి గుల్ల సాగింది, తలుపు మెల్లిగా తెరుచుకుంది. పైకి తీసి చన్నీళ్ళలో వేస్తే మూసుకుంది. షావుకారు గారు ముచ్చటపడి మళ్ళీ మళ్ళీ వేయించారు. మేస్త్రీ గారు గోడకున్న క్యాలెండరు అట్టని వేళ్ళ మధ్య పెట్టి చూసి, అడగకుండానే చింపేశారు. మూత అంచు మీద అంటుకున్న పాత అట్ట గోకి, అద్దం ముక్క మీద గరుకు కాగితం పరిచి అంచుని నున్నగా రుద్ది, కొత్త అట్ట కొట్టి, తలుపు లోపల కూర్చోబెట్టి, ఇటు కొంచెం అటు కొంచెం బోల్టులు బిగించారు. రేపటి నుంచి మీ మనిషిని బస్సులో కూర్చోబెట్టి చూసుకోండి అని చెప్పి రైలుకి వెళ్ళిపోయారు.

షావుకారు గారి బావమరిది మా బస్సులో ముందు సీట్లో కాపలా కూర్చున్నాడు. పెట్రోలు టాంకీ మూత కూడా అతనే తీసేవాడు, అతనే పెట్టేవాడు. పెట్రోలు మిగలడం మొదలైంది. రెండో బస్సుకి కూడా తలుపు పెట్టించారు, అదీ దారికొచ్చింది. అరిగిపోయిన రింగులు మాత్రం మేస్త్రీ గారే వచ్చి మార్చారు. షావుకారు గారు నన్ను పిలిచి, ఎప్పటిలా పని చేసుకో అన్నారు. పోలీసులకి అప్పగిస్తానన్న మాట గురించి ఏమీ అనలేదు. అది తాను అన్నట్టే ఆయనకి గుర్తు లేనట్టుంది.

ఏలూరులో మేస్త్రీ గారు తోరణం విప్పేశారు. ఏ తలుపు ఏ బండిదో తెలియదు. అన్నిటినీ వేన్నీళ్ళలో వేసి చూసి, పనిచేసేవి తీసుకుని ఇంటింటికీ బయలుదేరారు. చాలామంది పెట్టించుకున్నారు గాని మళ్ళీ ఆ షెడ్డుకి రాలేదు. మండవల్లి జమీందారు గారు మాత్రం పడీ పడీ నవ్వారట. అప్పుడు వద్దన్నావు, ఇప్పుడు కావాలంటున్నావు, రేపేమంటావయ్యా అని అడిగితే, రేపు కూడా ఇదే అంటానండి అని చెప్పి బానెట్టు ఎత్తారట. తప్పు ఒప్పుకున్న మనిషి తల వంచుకుంటాడని నేననుకునేవాణ్ణి. ఆయన ఒప్పుకోవడం కూడా నాకే బాగా తెలుసన్నట్టుగానే ఒప్పుకున్నారు. షెడ్డు ముందు బళ్ళ వరస మాత్రం పల్చబడింది. అది మళ్ళీ ఎప్పటికీ మునుపటంత కాలేదు.

ఆ తరువాత వచ్చిన ఆదివారం, గుడిలో ప్రార్థన అయి మేము ఇంటికి రాగానే ఆయన మా పేటలోకి వచ్చారు. ఏలూరు నుంచి పెద్దమనుషులు మా పేటలోకి రావడం అలవాటు లేని సంగతి. పిల్లలూ ఆడవాళ్ళూ గుమ్మాల్లోకి వచ్చి చూస్తున్నారు. నాన్న లేచి మంచం వాల్చారు. ఆయన కూర్చోలేదు.

"పంతులుగారూ, మీవాడి మీద మాట పడ్డప్పుడు, తీశావా అని మీరు అడిగారా?" అన్నారు.

నాన్న నా వైపు చూడకుండా అడిగానండి అన్నారు.

"అది మీరడిగింది కాదండి. నా తప్పు మీచేత అడిగించింది. అది నా మీద వేసెయ్యండి, మీ అబ్బాయికీ మీకూ మధ్య ఉంచకండి" అని, వాకిలి నిండా జనం చూస్తుండగా, ఏ జమీందారుకీ వంగని ఆ మనిషి మా నాన్నకి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టారు.

నాన్న ఆ చేతులు పట్టుకుని కిందికి దించారు. ఆయన వెళ్ళిపోయాక నాన్న వచ్చి, నేను కూర్చున్న అరుగు మీద నా పక్కనే కూర్చున్నారు. వాకిట్లో జనం అందరూ కదిలి వెళ్ళేదాకా ఆగి, "అడక్కుండా ఉండాల్సింది, నాయనా" అన్నారు.

అన్నాళ్ళూ నేను ఎదురుచూసింది షావుకారు గారి మాట కోసం కాదని, ఈ మాట కోసమేనని నాకప్పుడు తెలిసింది.